కావలి పెట్టెలోని బోనీ ఎం క్యాసెట్లు: కంప్యూటర్లోకి ఎక్కించిన డైరీ

అటక మీద పాత క్యాసెట్ల పెట్టె ఉండి, ఏం చేయాలో తోచని వాళ్ల కోసం ఈ డైరీ రాసి పెడుతున్నాను. ఏ దశలో ఏం చెడింది, ఏ కొలత చూసి ఏం మార్చాను అన్నదే ఇందులో ఎక్కువ. మీ క్యాసెట్లలో ఘంటసాల ఉన్నా, హరికథలున్నా పని ఇదే. నా పెట్టెలో ఉన్నవి 1970లలో పేరుపొందిన డిస్కో బ్యాండు బోనీ ఎం పాటలు.

దశ 1: పెట్టె లెక్క

పెట్టె కావలిలో మా మేనమామది. మద్రాసు వెళ్లినప్పుడల్లా బర్మా బజారులో కొన్నవి కొన్ని, రికార్డింగ్ షాపులో ఖాళీ క్యాసెట్ ఇచ్చి పాటలు ఎక్కించుకున్నవి కొన్ని. మామ పోయాక అత్త పిలిచి, "అబ్బయ్యా, ఈ పెట్టె నువ్వు తీసుకుపో. మీ మామ ఉన్నన్నాళ్లు దీన్ని ఎవుర్నీ తాకనీలా" అని చేతికిచ్చింది.

ఈ పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి. వాటి కోసమైతే ఇంత పని అక్కర్లేదు. మామ ఏ పాట తర్వాత ఏ పాట పెట్టించాడో, సైడు అయిపోయి ఏ పాట ఎక్కడ తెగిందో, అట్ట మీద నీలం సిరాతో ఏం రాశాడో అది ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేదు. 1979లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, నేను మొదట విన్న బోనీ ఎం ఇందులోని 7వ నంబరు క్యాసెట్. అప్పట్నించీ ఈ బ్యాండే నా బ్యాండు. ఆ క్యాసెట్ ఎలా మోగేదో అలాగే దాచాలి. ఈ పనికి పెట్టుకున్న షరతు ఇదొక్కటే, తర్వాతి నిర్ణయాలన్నీ దీన్నిబట్టే తీసుకున్నాను.

ముందు చేయాల్సింది:

1. ప్రతి క్యాసెట్‌కూ నంబరు వేయండి. అంటించే స్టిక్కరు వద్దు, పెన్సిల్‌తో అట్ట మీద రాయండి.
2. రెండు వైపులా, అట్టకూ ఫోటో తీయండి.
3. డబ్బా మూలలకు మరలు ఉన్నాయా, అతికేసిన డబ్బానా చూసి రాసుకోండి. దీని అవసరం తర్వాత తెలుస్తుంది.
4. కిటికీలోంచి రీలు అంచు చూడండి. తెల్లటి నూగు కనిపిస్తే బూజు. దాన్ని విడిగా, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. డెక్కులో (క్యాసెట్ మోగించే మిషన్‌లో) అస్సలు పెట్టొద్దు.

1989 నవంబరు తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. ఇంట్లోకి వచ్చిన నీళ్లలో పెట్టె అడుగు వరస నానింది. మామ ఎండబెట్టాడు గానీ బురద గీత ఇప్పటికీ ఉంది.

*లెక్క: మొత్తం 34. కంపెనీవి 11, షాపులో ఎక్కించుకున్నవి 23. వీటిలో తుపానుకు తడిసినవి 9. కంప్యూటర్లోకి ఎక్కించినవి 0. ఖర్చు లేదు.*

దశ 2: డెక్కు

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పాత సామాన్ల కొట్టు నడిపే దోస్తు ఒక జపాన్ డెక్కు ఊరికే ఇచ్చాడు. లైటు వెలుగుతోంది, మోటారు శబ్దం వస్తోంది, రీలు తిరగడం లేదు. మూత విప్పితే కారణం కనిపించింది: బెల్టు రబ్బరు తారులా కరిగి పుల్లీకి అంటుకుపోయింది. ఏళ్ల తరబడి వాడని డెక్కుల్లో ఇది మామూలే. కాబట్టి పాత డెక్కు దొరికితే ముందు ప్లే నొక్కకండి, మూత విప్పండి.

1. కరిగిన రబ్బరును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవాలి. చేతికి తొడుగు వేసుకోండి, ఆ నలుపు రోజుల తరబడి పోదు.
2. బెల్టు నడిచే దారిలోనే పుల్లీల చుట్టూ దారం చుట్టి, ఆ దారం పొడవు కొలవాలి.
3. అందులో 5 శాతం తగ్గించి, ఆ చుట్టుకొలత ఉన్న బెల్టు కొనాలి.
4. హెడ్డు (రీలు మీది శబ్దాన్ని చదివే ముక్క), క్యాప్‌స్టన్ (రీలును నడిపే సన్నటి ఇరుసు) ఆల్కహాల్‌తో తుడవాలి. రీలును ఆ ఇరుసుకు అదిమే పించ్ రోలర్ రబ్బరుకు సబ్బునీళ్లలో పిండిన గుడ్డ చాలు.

నా దారం 236 మిల్లీమీటర్లు వచ్చింది. చెన్నై రిచీ స్ట్రీట్‌లో 224 దగ్గర బెల్టు దొరికింది. ముందు బిగుతుగా ఉంటే మంచిదని 205ది వేసి చూశాను. మోటారు మీద భారం పడి పియానో స్వరాలు వణికాయి. 224తో వణుకు పోయింది.

తర్వాత వేగం. క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. దీన్ని స్కేలుతో కొలవలేం, అందుకే 3150 హెర్ట్జ్ శబ్దం ఎక్కించిన టెస్టు క్యాసెట్ కొన్నాను. కంప్యూటర్లో చూస్తే 3212 చూపించింది, అంటే డెక్కు 2 శాతం వేగంగా పోతోంది. మోటారు వెనక చిన్న రంధ్రంలో వేగం సరిచేసే మర (ప్రీసెట్) ఉంటుంది. ఇనుప స్క్రూడ్రైవర్ మోటారుకు తగిలితే రీడింగు గెంతుతుంది, ప్లాస్టిక్‌ది వాడండి. డెక్కు అరగంట తిరిగి వేడెక్కాకే సరిచేయాలి. చల్లగా ఉన్నప్పుడు 3150కి తెచ్చిపెడితే వేడెక్కాక 3166కు పోయింది. వేడి మీద సరిచేశాక 3147కీ 3153కీ మధ్య నిలిచింది. అది చాలు.

*లెక్క: ఎక్కించినవి 0. ఖర్చు: బెల్టులు 420, ఆల్కహాల్ 240, టెస్టు క్యాసెట్ 1,400. మొత్తం 2,060 రూపాయలు.*

దశ 3: హెడ్డు వాలు, గుయ్‌మనే శబ్దం

మొదట పెట్టిన కంపెనీ క్యాసెట్ బాగా మోగింది. రెండోది రికార్డింగ్ షాపులో ఎక్కించినది. అందులో బ్యాండు గాయని లిజ్ మిచెల్ గొంతు దుప్పటి కప్పినట్టు వచ్చింది, డ్రమ్ములతో మోగే రేకు తాళాల చప్పుడే లేదు. రీలు పాడైందనుకుని పక్కన పెట్టేసేవాళ్లు ఇక్కడే ఎక్కువ. ఆగండి. రీలు బాగానే ఉంది, హెడ్డు వాలు కలవలేదంతే. ఎక్కించిన మిషన్ హెడ్డు ఏ కోణంలో ఉందో మీ హెడ్డూ అదే కోణంలో ఉంటే తప్ప పై స్వరాలు రావు. దీన్నే అజిమత్ అంటారు.

1. హెడ్డు పక్కన స్ప్రింగు మీద ఉన్న చిన్న మరను వెతకండి. కొన్నిటికి రంగు చుక్క వేసి ఉంటుంది.
2. మర మొదట ఎలా ఉందో ఫోటో తీయండి.
3. ఎడమ, కుడి చానళ్లు రెండూ కలిపి మోనోలో వినండి. మోనోలో తేడా తొందరగా పట్టుబడుతుంది.
4. పాట మోగుతుండగా మరను పావు చుట్టు లోపే అటూ ఇటూ తిప్పండి. తాళాలు పదునుగా వినిపించిన చోట ఆపండి.
5. ఆడాసిటీలో (శబ్దాన్ని ఎక్కించి దిద్దే సాఫ్ట్‌వేర్‌లో) రెండు చానళ్ల గీతల్ని పెద్దవి చేసి చూడండి. కొండలు ఒకదాని కింద ఒకటి వచ్చాయంటే వాలు కలిసినట్టే.

షాపులో ఎక్కించినవాటికి ప్రతి క్యాసెట్‌కూ వాలు వేరు. 23కూ విడివిడిగా తిప్పాల్సిందే. పని అయ్యాక టెస్టు క్యాసెట్‌తో మళ్లీ మొదటి చోటికి తేవాలి.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో తీగ గుచ్చకండి. అది చాలావాటిలో మోనో, పైగా మైకు కోసం కొంత వోల్టేజీ పంపుతుంది. డెక్కు తీగ గుచ్చే లైన్-ఇన్ రంధ్రం ఉన్న యూఎస్‌బీ పెట్టె వాడినదే తీసుకున్నాను. రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టాను. గంటకు 1.04 జీబీ అవుతుంది. మోత శిఖరాలు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి.

తర్వాత గుయ్‌మనే శబ్దం. స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే గీత) చూస్తే 50 హెర్ట్జ్ దగ్గర ఒక మొన, 100 దగ్గర ఇంకొకటి. తీగ మార్చినా పోలేదు, డెక్కు ప్లగ్గు తిప్పి పెట్టినా పోలేదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకగానే పోయింది. అప్పట్నించీ ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే. ఫ్యాను రెగ్యులేటరు కూడా సన్నగా గీ పెడుతుంది, ఫ్యాను ఆపండి. మా నెల్లూరులో వేసవిలో అది చిన్న సంగతి కాదు గనక తెల్లవారుజామున పని పెట్టుకున్నాను. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్న క్షణం టక్కుమని పడుతుంది. అలా పడిన సైడును మొదట్నించీ ఎక్కించడమే.

*లెక్క: ఎక్కించినవి 21. ఖర్చు: యూఎస్‌బీ పెట్టె 2,600. మొత్తం 4,660 రూపాయలు.*

దశ 4: ఫెల్టు ఊడినవి

తడవనివి 25లో నాలుగు మోగలేదు, శబ్దం వచ్చి వచ్చి పోతోంది. రీలును హెడ్డుకు అదిమి పట్టే ఫెల్టు ముక్క జిగురు ఎండి రాలిపోయింది. పాత సామాన్లలో దొరికే పనికిరాని ఖాళీ క్యాసెట్ల నుంచి రేకుతో సహా ఫెల్టు తీసి ఇందులో పెట్టాను. జిగురుతో అతికిస్తే జిగురు ఫెల్టులోకి పీల్చుకుని గట్టిపడింది, రీలు మీద గీత పడే ప్రమాదం. రేకుతో సహా మార్చడమే నయం.

మరలు లేని డబ్బాను అతుకు వెంట బ్లేడుతో విప్పి, రీళ్లను మరలున్న డబ్బాలోకి మార్చాలి. పాత డబ్బాను పారేయొద్దు, లేబుల్ దాని మీదే ఉంది.

7వ నంబరులో ఒక చోట రీలు నలిగి, సగం తెగి ఉంది. నలిగిన ముక్క 11 సెంటీమీటర్లు. సెకనుకు 4.76 లెక్కన దాన్ని కోసేస్తే 2.3 సెకన్ల పాట పోతుంది. కోయలేదు. వెనక వైపు స్ప్లైసింగ్ టేపు అతికించి, వేలిగోటితో చదును చేశాను. మామూలు సెల్లోటేపు ఎండకు జిగురు కారి పక్క చుట్లకు అంటుకుంటుంది. మామ ఒక చోట అలా అతికించాడు. ఆ జిగురు తుడవడమే పెద్ద పని అయింది. ఇప్పుడు ఆ 11 సెంటీమీటర్ల మీద శబ్దం కాస్త మునిగి తేలుతుంది, కానీ పాట ఉంది.

*లెక్క: ఎక్కించినవి 25. ఖర్చు: స్ప్లైసింగ్ టేపు 350, పాత ఖాళీ క్యాసెట్లు 200. మొత్తం 5,210 రూపాయలు.*

దశ 5: తుపాను వరస

ఎక్కువ ఓపిక తిన్నది ఈ తొమ్మిదే.

15వ నంబరు విప్పినప్పుడు చూసింది రాస్తాను. అయిదు మరల్లో రెండు తుప్పు పట్టి తల అరిగాయి, వాటిని డ్రిల్లుతో తీశాను. పై మూత ఎత్తితే, రీలుకూ డబ్బాకూ మధ్య ఉండే పారదర్శక కాగితం గోధుమ రంగు తిరిగి డబ్బాకు అతుక్కుని ఉంది. ఎడమ చుట్ట అంచు మీద సన్నటి ఒండ్రు ఆరి, వేలితో తాకితే పొడిగా రాలింది. కుడి చుట్ట మీద బూజు, మధ్య నుంచి అంచు దాకా తెల్లగా పాకింది. రెండు చుట్టల మధ్య సాగిన రీలు మాత్రం ఇప్పుడే ఎక్కించినంత నున్నగా ఉంది.

పనికొచ్చిన పద్ధతి:

1. ఎన్95 మాస్కు, ఆరుబయట పని. బూజు పొడి పీల్చకూడదు.
2. విప్పిన చుట్టల్ని చెమ్మ పీల్చే సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో వారం పైన ఉంచాలి.
3. వేడి తగిలించొద్దు. హెయిర్ డ్రయ్యర్ వాడితే రీలు అంచులు వంకర తిరుగుతాయి.
4. పెన్సిల్‌తో చేత్తో తిప్పుతూ, నూగు రాని మెత్తటి గుడ్డ మధ్యనుంచి రీలును లాగాలి. మొదట పొడి గుడ్డ. మరక పోకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో చెమ్మగిల్లిన గుడ్డ. గోధుమ రంగు వైపు ఆల్కహాల్ వద్దు.
5. మళ్లీ ఆరబెట్టి, మరలున్న కొత్త డబ్బాలో ఎక్కించాలి.
6. మొదట, పాడైనా ఫరవాలేని పాత డెక్కులో చివరిదాకా ఒకసారి చుట్టించాకే మంచి డెక్కులో పెట్టాలి. ప్రతి సైడుకూ హెడ్డు తుడవాలి.

కాలం కూడా చూసుకోండి. మన దగ్గర వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గాలిలో చెమ్మ తగ్గదు. నవంబరులో మొదలుపెట్టిన రెండు క్యాసెట్లకు తుడిచిన చోటే మళ్లీ నూగు పట్టింది. మే నెలలో పడమటి వడగాలి వీచేటప్పుడు చేసినవాటికి పట్టలేదు. అందుకే మిగతా తడి పనంతా ఎండాకాలానికి మార్చాను.

తొమ్మిదిలో ఆరు మోగాయి. 15లో ఒక చోట రాబోయే పాట, అది మొదలవకముందే లీలగా వినిపిస్తోంది. బిగిసి కూర్చున్న చుట్లలో ఒక పొర అయస్కాంతపు ముద్ర పక్క పొరకు పడితే ఇలా అవుతుంది. దాన్ని తీసేయడానికి ప్రయత్నించలేదు.

*లెక్క: ఎక్కించినవి 31. ఖర్చు: సిలికా జెల్ 150, మాస్కులు 90. మొత్తం 5,450 రూపాయలు.*

దశ 6: శ్రుతి

డెక్కు వేగం సరిగ్గా ఉంది. అయినా 7వ నంబరును కంపెనీ విడుదలతో పక్కపక్కన పెట్టి వింటే శ్రుతి కలవలేదు. అందులోని 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' తీసుకుని, ఒక డ్రమ్ము దెబ్బ నుంచి ఇంకో దెబ్బ దాకా కొలిచాను. కంపెనీ విడుదలలో 200 సెకన్లు. మా క్యాసెట్‌లో 194. అంటే మాది 3.1 శాతం వేగం. హార్మోనియం మీద పక్క మెట్టుకు వెళ్లే దూరంలో దాదాపు సగం పైకి. షాపులో ఎక్కించిన మిషన్ నెమ్మదిగా తిరిగి ఉండాలి. నెమ్మదిగా ఎక్కినది సరైన వేగంతో మోగితే పైకి పోతుంది.

క్యాసెట్‌లో పడిన కరెంటు గుయ్ శబ్దాన్ని 50 హెర్ట్జ్ అనుకుని దాంతో సరిచేయమని కొందరు చెబుతారు. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్డులో ఫ్రీక్వెన్సీ 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, తరచు కిందికి జారేది. ఆ కొలతను నమ్మలేం. విడుదలైన పాటతో పోల్చడమే గట్టి దారి.

ఆడాసిటీలో వేగం 3 శాతం తగ్గిస్తే చాలు, సరిపోతుంది. తగ్గించి మా చెల్లెలికి వినిపించాను. ఏం మార్చానో నేను చెప్పలేదు. రెండు వరసలు విని, "ఏంది అన్నా, నీరసంగా పాడతా ఉండారు?" అంది. అసలు ఫైలు పెట్టాను. "ఆఁ, ఇదీ" అని గొంతు కలిపింది. లిజ్ మిచెల్ గొంతు మా ఇద్దరికీ ఈ శ్రుతిలోనే తెలుసు. మేం పాడుకున్నదీ, గూట్లో టూ-ఇన్-వన్ పెట్టుకుని ఆడుకున్నదీ ఇందులోనే. నలభై ఏళ్లకు పైగా ఈ బ్యాండును ప్రేమించింది ఈ శ్రుతితోనే.

కాబట్టి ఇలా తేల్చాను:

1. మూల ఫైలు: క్యాసెట్ మోగినట్టే. వేగం, హిస్సు (రీలు చేసే సన్నటి బుస శబ్దం), తెగిన చివర్లు, ఏదీ ముట్టుకోను.
2. రెండో ఫైలు: శ్రుతి సరిచేసినది, పేరులోనే 'సరిచేసినది' అని ఉంటుంది.
3. హిస్సు తీసే ఫిల్టరు రెంటికీ వద్దు. వేసి చూస్తే తాళాల చప్పుడులో నీటి బుడగల శబ్దం వచ్చింది.

మీరు ఒక్కటే ఉంచుకోవాలనుకుంటే మొదటిది ఉంచండి. దాన్నుంచి రెండోది ఎప్పుడైనా చేయొచ్చు.

దశ 7: ముక్కలు, పేర్లు

నిశ్శబ్దం చూసి పాటల్ని తనంతట తాను విడగొట్టే పద్ధతి కంపెనీ క్యాసెట్లకు కూడా పూర్తిగా పనిచేయలేదు. 1978 ఆల్బం 'నైట్‌ఫ్లైట్ టు వీనస్'లో మొదటి పాట ఆగకుండా 'రాస్పుటిన్'లోకి వెళ్లిపోతుంది, మధ్యలో నిశ్శబ్దమే లేదు. రెండూ కలిసిన సైడును ముక్కలు చేయకుండా వదిలేసి, సమయాలు మాత్రం రాసిపెట్టాను. ఈ ఆల్బం పాటల నిడివి ముద్రణను బట్టి మారుతుంది, ఎవరో రాసిన పట్టికలోని సమయాలు దించుకోకండి. మీ క్యాసెట్‌ను మీరే కొలవండి.

పేర్లు రాసే దగ్గర జాగ్రత్త పడ్డాను. మామ అట్ట మీద 'పాడినది: బాబీ' అని రాశాడు. బాబీ ఫారెల్ వేదిక మీద ఆడాడు, ఆ లోతైన మగ గొంతు మాత్రం బ్యాండును నిలబెట్టిన నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. రికార్డుల్లోని ఆడ గొంతులు లిజ్ మిచెల్, మార్సియా బారెట్‌లవి. మేజీ విలియమ్స్ కూడా వేదిక మీదే. ఇది తెలిసిన రోజు చాలామందికి బ్యాండు మీద మనసు విరిగింది. నాకు విరగలేదు. అరూబా ద్వీపంలో పుట్టిన ఆ మనిషి ఆడిన ఆట చూస్తే కాళ్లు నిలిచేవా? ఆ పాట సగం ఆయనదే. ఆయన 2010 డిసెంబరు 30న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు. ఆ పాటలోని రాస్పుటిన్ (రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు) హత్య జరిగిన ఊరూ అదే, తేదీ కూడా అదే. ఫైలు వివరాల్లో 'గాత్రం' అనే గడిలో ఫారియన్ పేరు, 'బృందం' అనే గడిలో నలుగురి పేర్లూ రాశాను. మామ రాసినది ఫోటోలో అలాగే ఉంది.

'రివర్స్ ఆఫ్ బాబిలాన్' దగ్గర ఇంకొక వరస చేర్చాను. 1970లో జమైకాలో ది మెలోడియన్స్ పాడినదే దాని మూలం, మాటలు బైబిల్‌లోని 137వ కీర్తన నుంచి, కొంత 19వ కీర్తన నుంచి వచ్చాయి. నాకు ఈ సంగతి ఏ పుస్తకంలోనూ దొరకలేదు. మా వీధిలో బాప్టిస్టు చర్చికి వెళ్లే టీచరమ్మ మా వరండాలో పాట విని, "ఇది బబులోను నదుల కీర్తన గదా అబ్బయ్యా, దీనికి డాన్సు చేస్తున్నారా మీరు!" అంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ 1840లోనే మొదలైంది. ఆమెకు ఆ కీర్తన కంఠతా వచ్చు. తెలుగు బైబిల్ తెచ్చి వరసకు వరస చూపించింది. చెర పట్టిన ఊళ్లో పాడమంటే ఎలా పాడతామని ఏడ్చినవాళ్ల పాట అది అని ఆరోజు తెలిసింది. తర్వాత ఆ పాట నాకు ఇంకా దగ్గరైంది.

ఫైళ్లు రెండు డిస్కుల్లో: ఒకటి నెల్లూరులో నా దగ్గర, ఇంకొకటి కావలిలో అత్త దగ్గర. రెండూ ఒకే ఇంట్లో పెట్టకండి. మళ్లీ తుపాను రాదని ఏముంది.

*లెక్క: ఎక్కించినవి 31. ఖర్చు: కొత్త డిస్కు 4,800 (రెండోది పాతదే). మొత్తం 10,250 రూపాయలు.*

మిగిలినవి

మూడు. 12లో చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి, లాగితే గోధుమ పూత ఊడి వస్తోంది, ఆపేశాను. 28లో రీలు మొదట్లోనే తెగి చుట్టలోకి వెళ్లిపోయింది. 33ని ఇంకా విప్పలేదు. అట్ట మీద మామ 1984 అని రాశాడు, 'టెన్ థౌజండ్ లైట్‌ఇయర్స్' అయి ఉండాలి. బాబీ తప్పుకున్నాక 1982లో వచ్చిన రెగ్గీ ట్సిబో పాడిన కాలం అది. మా పెట్టెలో ట్సిబో గొంతు ఉన్న క్యాసెట్ అదొక్కటే, అందుకే దాన్నే ముందు పడతాను.

క్రమం ఇదీ: ఇప్పట్నించి మే దాకా మూడూ సిలికా జెల్ డబ్బాలో. వడగాలి మొదలవగానే 33 విప్పడం, తర్వాత 28 అతకడం. 12ని అనుభవం ఉన్నవాళ్ల చేతికే ఇస్తాను. పూత ఊడకుండా చుట్లు విడదీసిన వాళ్లెవరైనా ఉంటే ఏ పద్ధతి వాడారో చెప్పండి.